సిడ్నీలో కొన్న లిఫ్ట్ బండి మెల్‌బోర్న్‌లో రోడ్‌వర్తీ దగ్గర ఆగిపోయింది: ఏది చట్టబద్ధం, ఏది కాదు?

వెర్రిబీ_వాసి

ఆరు వారాల కిందట సిడ్నీలో ఒకాయన దగ్గర 2018 నాటి ఫోర్ వీల్ డ్రైవ్ డబుల్ క్యాబ్ (రెండు వరుసల సీట్లు, వెనక సామాను తొట్టి ఉండే) టయోటా హైలక్స్ కొన్నాను. బండి ఎత్తు పెంచే సస్పెన్షన్ లిఫ్ట్, పెద్ద టైర్లు, స్టీలు బుల్‌బార్, దాని మీద లైట్‌బార్, అన్నీ ముందే బిగించి ఉన్నాయి. “ఇదంతా లీగలే, పింక్ స్లిప్‌కు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు” అని అమ్మినాయన చెబితే నమ్మాను (పింక్ స్లిప్ అంటే అక్కడ ఏటా జరిగే తనిఖీ). ఇప్పుడు విక్టోరియా రిజిస్ట్రేషన్ కోసం, బండి రోడ్డు మీద తిరగడానికి తగినదా అని చూసే రోడ్‌వర్తీ పరీక్షకు తీసుకువెళ్లాను. ఎత్తుకూ టైర్లకూ కలిపి ఇంజినీరు సర్టిఫికెట్ కావాలనీ, లైట్‌బార్ వైరింగ్ తప్పుగా ఉందనీ, ముందు తలుపుల అద్దాలకు వేసిన ఫిల్మ్ మరీ నల్లగా ఉందనీ రాసి వెనక్కి పంపారు.

ఒకే దేశంలో, ఒక రాష్ట్రంలో ఏళ్ల తరబడి తిరిగిన బండి రాష్ట్రం మారగానే పనికిరానిది ఎలా అవుతుందో నాకు అర్థం కావడం లేదు. నాలుగేళ్లు కూడబెట్టిన డబ్బుతో, పిల్లలను గ్రాంపియన్స్ కొండలకు తీసుకువెళ్లాలన్న ఆశతో కొన్న బండి ఇది. అన్నీ పీకేసి మామూలు బండిగా మార్చుకోవలసిందేనా, లేక వీటిలో ఉంచుకోదగినవి ఏమైనా ఉన్నాయా? అనుభవం ఉన్నవారు వివరంగా రాస్తే రుణపడి ఉంటాను.

గోదారిగట్టు_బ్రిస్బేన్

డ్రైవరు తలుపు తెరిస్తే అంచున టైరు కొలతల స్టికర్ ఉంటుంది. దాని మీద ఉన్న కొలత, ఇప్పుడు టైరు పక్కన అచ్చయి ఉన్న కొలత, లిఫ్ట్ కిట్ ఎన్ని మిల్లీమీటర్లదో ఆ వివరం, ఈ మూడూ రాయండి. ఇవి లేకుండా ఎవరు జవాబు చెప్పినా అది ఊహే అవుతుంది.

వెర్రిబీ_వాసి

స్టికర్ మీద 265/65ఆర్17 అని ఉంది. బండికి ఉన్నవి 285/70ఆర్17. పాత యజమాని ఇచ్చిన రసీదులో లిఫ్ట్ కిట్ 50 మిల్లీమీటర్లు అని ఉంది.

గోదారిగట్టు_బ్రిస్బేన్

అయితే చిక్కు ఎక్కడుందో లెక్క చూస్తేనే తెలిసిపోతుంది. నేను ఇక్కడ పద్నాలుగేళ్లుగా మెకానిక్ పని చేస్తున్నాను, ఇలాంటి బండ్లు నెలకు నాలుగైదు చూస్తాను.

265/65ఆర్17 అంటే టైరు వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 17 అంగుళాలు. పక్క గోడ 172.25 అవుతుంది, అది పైనా కిందా ఉంటుంది కాబట్టి 344.5. దానికి 17 అంగుళాల రిమ్ము 431.8 కలిపితే మొత్తం వ్యాసం 776.3 మిల్లీమీటర్లు వస్తుంది. అదే విధంగా 285/70ఆర్17 వ్యాసం 830.8. రెండింటి మధ్య తేడా 54.5 మిల్లీమీటర్లు.

తేలికపాటి వాహనాల మార్పులకు దేశమంతటికీ ఒక నియమావళి ఉంది, దానిని వీఎస్‌బీ 14 అంటారు. మీ హైలక్స్ లాంటి ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు, తయారీదారు చెప్పిన అతి పెద్ద టైరు కంటే వ్యాసం 50 మిల్లీమీటర్ల వరకు పెరిగినా అది సర్టిఫికెట్ అడగదు. మామూలు కార్లకైతే ఆ హద్దు 15 మిల్లీమీటర్లే. మీవి 54.5, అంటే హద్దు దాటాయి. ఇక ఎత్తు సంగతి. టైరు వ్యాసం పెరిగితే బండి అందులో సగమే లేస్తుంది కాబట్టి టైర్ల వలన 27, సస్పెన్షన్ వలన 50, కలిపి 77. సస్పెన్షన్ 50, టైర్లు 25, మొత్తం 75 దాకా సర్టిఫికెట్ లేకుండా అనుమతించడం వాడుక. మీ బండి రెండు చోట్లా కొద్ది తేడాతో గీత దాటింది.

అన్నీ పీకేయనక్కరలేదు. 265/70ఆర్17 టైర్లు వేయండి. వాటి వ్యాసం 802.8, తేడా 26.5, దాని వలన పెరిగే ఎత్తు 13 మిల్లీమీటర్లు. సస్పెన్షన్‌తో కలిపి 63 అవుతుంది. లిఫ్ట్ అలాగే ఉంటుంది, ఇంజినీరు అవసరం రాదు. అయితే కొనే టైరు బరువు మోసే సూచిక స్టికర్‌లో ఉన్నదానికి తగ్గకుండా చూసుకోండి.

పారమట్టా_ప్రవాసి

రెండు మిల్లీమీటర్ల కోసం ఇంత హడావుడి అనవసరమని నా అభిప్రాయం. సిడ్నీలో నేను ఏడేళ్లుగా ఇదే టైరు కొలతతో తిరుగుతున్నాను. రెండుసార్లు పోలీసులు ఆపారు, లైసెన్సు చూసి పంపించారు. స్ప్రింగులు వాడకంతో కుంగుతాయి కాబట్టి ఆరేళ్ల తరువాత 50 మిల్లీమీటర్ల కిట్టు 40 కూడా ఉండదు. మరో చోట పరీక్ష చేయించుకుంటే రోడ్‌వర్తీ వచ్చేస్తుంది.

గోదారిగట్టు_బ్రిస్బేన్

స్ప్రింగులు కుంగుతాయన్న మాట నిజమే. బుల్‌బార్, వించ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) బరువులు మోయడానికి గట్టి స్ప్రింగులు వేసిన బండి ఖాళీగా ఉన్నప్పుడు 60 మిల్లీమీటర్లు లేచి ఉండడమూ నేను చూశాను. కొలిచేది చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు ఉన్న దూరాన్ని, రసీదు మీది అంకెను కాదు. టైరు విషయంలో ఆ వాదనకు కూడా చోటు లేదు, ఎందుకంటే కొలత టైరు మీదే అచ్చయి ఉంటుంది.

ఇంకొక సంగతి ఉంది. వ్యాసం ఏడు శాతం పెరిగింది కాబట్టి వీరి స్పీడోమీటర్ 100 చూపిస్తున్నప్పుడు బండి నిజానికి 107 దగ్గర పోతూ ఉండవచ్చు. స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదని ఏడీఆర్ 18 అనే జాతీయ వాహన ప్రమాణం స్పష్టంగా చెబుతోంది. కెమెరా జరిమానా వేసినప్పుడు టైర్లు పెద్దవని చెబితే ఎవరూ వినరు.

వెర్రిబీ_వాసి

పారమట్టా గారూ, మరో చోట పరీక్ష చేయించే ఆలోచన నాకూ వచ్చిన మాట వాస్తవం. కానీ ఇందులో నా పిల్లలు కూర్చుంటారు, అందుకని సరిగానే చేయించుకోవాలని నిర్ణయించుకున్నాను. నాకు అర్థం కాని విషయం మరొకటి ఉంది. సిడ్నీలో పింక్ స్లిప్ ఇచ్చినవారు ఇదంతా చూడలేదా?

కోటప్పకొండ_కాన్‌బెర్రా

పింక్ స్లిప్ అంటే న్యూ సౌత్ వేల్స్‌లో ఐదేళ్లు దాటిన వాహనాలకు ఏటా జరిగే భద్రతా పరీక్ష. బ్రేకులు, టైర్ల అరుగుదల, లైట్లు, సీటు బెల్టులు, తుప్పు వంటివి అందులో ముఖ్యం. మార్పులకు ఇంజినీరు ఇచ్చే సర్టిఫికెట్ దానికి పూర్తిగా వేరు. పింక్ స్లిప్ వచ్చినంత మాత్రాన చేసిన మార్పులన్నింటికీ ఆమోదం లభించినట్లు కాదు. మీకు అమ్మినాయన కూడా ఈ రెంటినీ ఒకటే అనుకుని ఉంటారు, మనవారిలో చాలామంది అలాగే అనుకుంటారు.

ఇక మీ మొదటి పోస్టులోని ప్రశ్న. ఒకే దేశంలో రెండు పద్ధతులు ఎందుకన్నారు, దానికి కారణం అధికారాల విభజన. కొత్త వాహనం మొదటిసారి దేశంలో మార్కెట్‌కు వచ్చేటప్పుడు ఎలా ఉండాలో కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఆ ప్రమాణాలనే ఆస్ట్రేలియన్ డిజైన్ రూల్స్, పొట్టిగా ఏడీఆర్‌లు అంటారు. ముందు 1989 నాటి చట్టం కింద నడిచేవి, 2021 జూలై 1 నుంచి 2018 నాటి రోడ్ వెహికల్ స్టాండర్డ్స్ చట్టం కిందికి వచ్చాయి. పాత కంప్లయన్స్ ప్లేటు స్థానంలో ఆమోదిత వాహనాల జాతీయ రిజిస్టరు వచ్చింది కూడా ఆ చట్టంతోనే.

బండి రోడ్డెక్కిన తరువాత మాత్రం రిజిస్ట్రేషనూ, తనిఖీ, మార్పుల ఆమోదమూ రాష్ట్రాల చేతిలో ఉంటాయి. వీఎస్‌బీ 14 అందరికీ ఉమ్మడి పాఠ్యపుస్తకం లాంటిదే అయినా, పరీక్ష పెట్టి మార్కులు వేసేది ఎవరి రాష్ట్రం వారే. విక్టోరియాలో వాస్ అనే పథకం కింద గుర్తింపు పొందిన ఇంజినీర్లు సర్టిఫికెట్ ఇస్తారు. న్యూ సౌత్ వేల్స్‌లో ప్రభుత్వ లైసెన్సు ఉన్న సర్టిఫయర్లు ఉంటారు. క్వీన్స్‌ల్యాండ్‌లో ఆమోదం పొందిన వ్యక్తులు చూసి బండికి మాడిఫికేషన్ ప్లేటు బిగిస్తారు. దక్షిణ ఆస్ట్రేలియాలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పెద్ద మార్పులకైతే పని మొదలుపెట్టక ముందే రవాణా శాఖకు దరఖాస్తు చేసుకోవాలి.

నేను మాట్లాడిన ప్రతి యజమానీ చేసిన పొరపాటు ఒకటే. ముందు సామాను కొని బిగించుకుని, తరువాత నియమం ఏమిటని అడిగారు. దుకాణం వారు తాము అమ్మే వస్తువుకు ఆస్ట్రేలియా ప్రమాణం ఉందని చెప్పవచ్చు. అది మీ బండి మీద, ఇప్పటికే ఉన్న ఇతర మార్పులతో కలిసి చట్టబద్ధం అవుతుందా లేదా అన్నది వేరే ప్రశ్న. బండి రోడ్డు మీద పట్టుబడితే జవాబు చెప్పవలసింది నడిపేవారూ యజమానీ.

టూవూంబా_తిరుపతి

కాన్‌బెర్రా గారి మాటకు నా అనుభవం జోడిస్తాను. క్వీన్స్‌ల్యాండ్‌లో మాడిఫికేషన్ ప్లేటుతో సహా ఒక బండిని మెల్‌బోర్న్‌కు తీసుకువెళ్లినప్పుడు, అక్కడి వాస్ ఇంజినీరు దానిని మళ్లీ మొదటి నుంచి చూశారు. అయితే పాత నివేదికా, భాగాల రసీదులూ దాచి ఉంచాను కాబట్టి పని తొందరగా తేలింది. వెర్రిబీ గారు పాత యజమాని దగ్గర ఇంకా ఏ కాగితం ఉన్నా అడిగి తెప్పించుకోవాలి.

నాలుగు_చక్రాలు

లైట్‌బార్ వైరింగ్‌లో తప్పేమిటో వారు రాసి ఇచ్చారా?

వెర్రిబీ_వాసి

డ్యాష్‌బోర్డ్ మీద విడిగా ఒక స్విచ్ ఉంది. హెడ్‌లైట్లతో సంబంధం లేకుండా ఎప్పుడు నొక్కినా వెలుగుతుంది. అదే తప్పని రాశారు.

నాలుగు_చక్రాలు

వారు సరిగానే రాశారు. అదనపు డ్రైవింగ్ లైటు హై బీమ్ వేసినప్పుడే వెలగాలి, లో బీమ్‌కు మార్చగానే ఆరిపోవాలి. విడిగా స్విచ్ ఉన్నా పరవాలేదు కానీ కరెంటు హై బీమ్ సర్క్యూట్ ద్వారా రిలేతో రావాలి. ఆటో ఎలక్ట్రీషియన్‌కు గంట పని. బార్ అంచులు బుల్‌బార్ కంటే ముందుకు పొడుచుకు రాకుండా చూడండి.

అదే చేతితో హెడ్‌లైట్లు కూడా చూడండి. హాలోజన్ బల్బు కోసం చేసిన హెడ్‌లైటులో ఎల్‌ఈడీ బల్బులు పెట్టి ఉంటే అవి కూడా తీసేయవలసిందే. మనకు వెలుగు బాగున్నట్లు అనిపిస్తుంది కానీ ఆ కాంతి చెదిరిపోయి ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడుతుంది. రాత్రిపూట హ్యూమ్ హైవే మీద అలాంటి బండి ఎదురై నేను రోడ్డు అంచు కనబడక ఇబ్బంది పడ్డాను.

చిన్నోడు_క్లేటన్

నేను చదువుకోవడానికి వచ్చి రెండేళ్లయింది, పీ-ప్లేట్ (కొత్త డ్రైవర్లకు ఇచ్చే షరతుల లైసెన్సు) మీద ఉన్నాను. మిత్రుడొకరు టర్బో మార్చి ఇంజిన్ ట్యూన్ చేయించిన కారు తక్కువ ధరకు ఇస్తానంటున్నారు. రోడ్‌వర్తీ ఇప్పిస్తానని కూడా చెబుతున్నారు. కొనవచ్చా?

గోదారిగట్టు_బ్రిస్బేన్

కొనవద్దు తమ్ముడూ. విక్టోరియాలో గాని, న్యూ సౌత్ వేల్స్‌లో గాని, ఇక్కడ క్వీన్స్‌ల్యాండ్‌లో గాని కొత్త డ్రైవర్లకు టన్ను బరువుకు 130 కిలోవాట్ల కంటే ఎక్కువ శక్తి ఉన్న కారు నడిపే అనుమతి లేదు. 1,400 కిలోల కారైతే 182 కిలోవాట్ల దగ్గర హద్దు. లెక్క అంతకంటే తక్కువ వచ్చినా, శక్తి పెంచడానికి ఇంజిన్‌లో మార్పు చేసిన బండి అయితే నిషేధిత వాహనాల కిందికే రావచ్చు. రోడ్‌వర్తీ ఉన్నా సరే ఆ నిషేధం అలాగే ఉంటుంది. కొనాలనుకున్న కారు నమూనా మీ రాష్ట్ర రవాణా శాఖ సైటులో వెతికి చూసుకోండి, అక్కడ పీ-ప్లేట్ వారి కోసం జాబితా ఉంటుంది.

చిన్నోడు_క్లేటన్

అర్థమైంది అన్నయ్యా. ఆ ప్రయత్నం మానేస్తాను.

సిడ్నీ_కృష్ణవేణి

నేను పదకొండేళ్లుగా వాహన బీమా క్లెయిములు చూసే ఉద్యోగంలో ఉన్నాను. ఈ చర్చలో బీమా మాట ఎవరూ ఎత్తకపోవడం చూసి రాస్తున్నాను. పారమట్టా గారు దయచేసి ఇది పూర్తిగా చదవాలి.

పాలసీ తీసుకునేటప్పుడు బండికి మార్పులు ఉన్నాయా అని అడుగుతారు. చాలామంది “లేవు” అని నొక్కి ముందుకు పోతారు. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం ఉండదు, బుల్‌బార్ గాని లిఫ్ట్ గాని మార్పు కిందికి వస్తుందని తోచక అలా చేస్తారు. ప్రమాదం జరిగి బండిని చూడడానికి వచ్చిన అసెసర్ ఫొటోలు తీసినప్పుడు అన్నీ బయటపడతాయి. 1984 నాటి ఇన్సూరెన్స్ కాంట్రాక్ట్స్ చట్టం ప్రకారం, మోసం ఉద్దేశం లేకుండా తప్పు వివరం ఇచ్చినా, నిజం తెలిసి ఉంటే తాము ఏ స్థితిలో ఉండేవారమో ఆ మేరకు చెల్లింపు తగ్గించుకునే హక్కు బీమా సంస్థకు ఉంది. ప్రీమియం ఎక్కువ తీసుకుని ఉండేవారమని తేలితే ఆ తేడా తగ్గిస్తారు. అసలు అలాంటి బండికి పాలసీయే ఇచ్చేవారం కాదని వారు నిరూపించగలిగితే, చెల్లింపు సున్నా వరకు దిగవచ్చు.

నేను చూసిన ఒక కేసులో బండి యజమాని తప్పు అసలు లేదు, కాని ఎదుటి డ్రైవరుకు బీమా లేదు. వీరు తమ పాలసీ మీద క్లెయిము పెట్టారు. చెప్పని లిఫ్టూ, సర్టిఫికెట్ లేని టైర్లూ కలిసి ఆ కుటుంబం ఐదు నెలలు బండి లేకుండా ఉండవలసి వచ్చింది, చివరికి చేతికి వచ్చిన మొత్తం వారు ఆశించిన దానిలో సగం కూడా కాదు. ఆ ఇంటి ఆవిడ ఫోనులో ఏడుస్తూ మాట్లాడిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. బీమా సంస్థ నిర్ణయం అన్యాయమనిపిస్తే ఆఫ్కా అనే ఫిర్యాదుల సంస్థకు ఖర్చు లేకుండా వెళ్లవచ్చు. ముందుగానే ఒక ఫోను చేసి మార్పులన్నీ చెప్పి, వాటిని పాలసీ పత్రంలో రాయించుకుంటే అంతదూరం వెళ్లవలసిన అవసరమే రాదు.

పారమట్టా_ప్రవాసి

కృష్ణవేణి గారూ, మీరు రాసింది చదివి నా పాలసీ పత్రం తీసి చూశాను. అందులో మార్పుల గడి ఖాళీగా ఉంది. రేపు ఫోను చేసి చెబుతాను. టైర్ల విషయంలో ఇంతకుముందు నేను రాసిన సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే రెండు మిల్లీమీటర్లకు ఇంజినీరు చుట్టూ తిప్పడం అవసరమా అన్న ప్రశ్న మాత్రం నాకు ఇంకా ఉంది.

కోటప్పకొండ_కాన్‌బెర్రా

హద్దు ఎక్కడ గీసినా దాని అవతల రెండు మిల్లీమీటర్ల బండి ఒకటి ఉంటుంది. బండి ఎత్తు పెరిగిన కొద్దీ బరువు కేంద్రం పైకి జరుగుతుంది, మలుపులో పల్టీ కొట్టే ప్రమాదం పెరుగుతుంది. చక్రాలు జారినప్పుడు తానే బ్రేకు వేసి బండిని నిలబెట్టే స్టెబిలిటీ కంట్రోల్ కూడా కంపెనీ ఇచ్చిన ఎత్తుకు, టైరుకు తగినట్లుగా అమర్చి ఉంటుంది. అందువల్ల ఏదో ఒక అంకె దగ్గర, ఇక్కడి నుంచి ఇంజినీరు చూడాలి అని చెప్పక తప్పదు.

టూవూంబా_తిరుపతి

అద్దాల ఫిల్మ్ గురించి ఎవరూ రాయలేదు. ముందు తలుపుల అద్దాల గుండా కనీసం 35 శాతం వెలుతురు రావాలి. ఇక్కడ చాలామంది పడే బోల్తా ఒకటుంది. కంపెనీ అద్దం కూడా కొంత వెలుతురును ఆపుతుంది. అద్దం 75 శాతం వదిలితే, దాని మీద 35 శాతం ఫిల్మ్ అంటిస్తే, రెండూ కలిసి వదిలేది 26 శాతమే. అందుకని మీ అద్దాన్ని మీటరుతో కొలిచి, దానికి తగిన ఫిల్మ్ వేసే దుకాణానికి వెళ్లండి. ముందు విండ్‌స్క్రీన్ జోలికి మాత్రం పోవద్దు, పై అంచున సన్నని పట్టీ తప్ప.

నాలుగు_చక్రాలు

2012లో ఇండియాలో సుప్రీంకోర్టు నల్ల ఫిల్మ్‌లను నిషేధించిన తరువాత హైదరాబాద్‌లో ట్రాఫిక్ పోలీసులు రోడ్డు మీదే వాటిని చింపేయడం నేను చూశాను. బుల్‌బార్‌లను కూడా 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ కూడదంది. అక్కడి నుంచి వచ్చినవారికి ఇక్కడ ఈ రెండూ దొరకడం చూసి అన్నింటికీ అనుమతి ఉందన్న భావన కలుగుతుంది. బుల్‌బార్ ఇక్కడ కంగారూల కోసం అవసరమైన వస్తువే. అయితే దానికి ఏఎస్ 4876 అనే ప్రమాణం ఉంది, పదునైన అంచులు గాని చేప గాలాల కర్రలు నిలిపే గొట్టాలు గాని ముందుకు పొడుచుకు రాకూడదు, ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండికి ఆ నమూనా కోసం చేసిన బార్ కావాలి.

పెర్త్_పాలమూరు

అందరూ ఎత్తు గురించి రాస్తున్నారు, బరువు గురించి ఎవరూ రాయడం లేదు. నాకు దానివలననే ఇబ్బంది వచ్చింది.

నాదీ డబుల్ క్యాబ్ బండే. దాని జీవీఎం, అంటే మనుషులూ సామానూ అన్నీ కలిపి బండి ఉండదగిన గరిష్ఠ బరువు, 3,050 కిలోలు. బుల్‌బార్, వించ్, పైన ర్యాక్, రెండో బ్యాటరీ, వెనక సొరుగుల పెట్టె, అన్నీ ఒక్కొక్కటిగా మూడేళ్లలో బిగించుకున్నాను. ఏ ఒక్కదాని బరువూ ఎక్కువనిపించలేదు. నల్లార్బర్ మీదుగా అడిలైడ్ వెళ్లే ముందు లారీలు తూచే కాటా దగ్గర ఆపి చూస్తే, ట్యాంకు నిండా డీజిలుతో, లోపల ఒక్క మనిషి కూడా లేకుండా, 2,490 కిలోలు ఉంది. మిగిలింది 560. నేను, నా భార్య, మా నాన్నగారు, ఇద్దరు పిల్లలు కలిసి 285. వెనక లాగుతున్న క్యారవాన్ 2,000 కిలోలది, దాని ముందు కొన బండి మీద మోపే బరువు 200, అది కూడా జీవీఎంలోకే వస్తుంది. ఇక మిగిలింది 75 కిలోలు. అరవై లీటర్ల నీరూ, ఫ్రిజ్జూ, వంట సామానూ పెట్టేసరికి హద్దు దాటిపోయాం.

సొరుగుల పెట్టె ఇంట్లోనే దింపేసి బయలుదేరాను. తరువాత జీవీఎం పెంచే అప్‌గ్రేడ్‌కు దరఖాస్తు చేశాను. ఇక్కడ అనుమతి ముందు, పని తరువాత. పెంచిన తరువాత కూడా లాగే శక్తి దానంతట అది పెరగదు, బండీ క్యారవానూ కలిపి లెక్కించే హద్దు వేరే ఉంటుంది. ట్రైలర్ 750 కిలోలు దాటితే దానికి బ్రేకులు ఉండాలి, 2,000 దాటితే అన్ని చక్రాలకూ ఉండాలి, తెగిపోతే తానే ఆగే ఏర్పాటు కూడా కావాలి.

వెర్రిబీ_వాసి

కాటా మాట నాకు తట్టనే లేదు. టైర్లు మార్చిన వెంటనే తూయిస్తాను.

అడిలైడ్_అమ్మ

అన్నయ్యలందరూ బండి బయట బిగించే వాటి గురించి రాశారు, లోపల బిగించేది ఒకటి నేను చెబుతాను. మా అక్క డాలస్ నుంచి వస్తూ నా పాప కోసం ఖరీదైన కారు సీటు తెచ్చింది. ఎంతో ప్రేమతో మోసుకొచ్చింది. కాని అది ఇక్కడ వాడడం చట్టవిరుద్ధమని ఆసుపత్రి నుంచి పాపను ఇంటికి తీసుకువచ్చే రోజున తెలిసింది. ఇక్కడ పిల్లల సీటుకు ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 1754 అనే ప్రమాణం ముద్ర ఉండాలి. అమెరికా, ఐరోపా సీట్లు ఎంత మంచివైనా ఆ ముద్ర లేకపోతే పనికిరావు. సీటు పై భాగాన్ని వెనక కొక్కేనికి కట్టే పట్టీ ఇక్కడి పద్ధతిలో ముఖ్యమైన భాగం.

ఆరు నెలల వరకు వెనక్కి తిరిగిన సీటు తప్పనిసరి. ఆరు నెలల నుంచి నాలుగేళ్ల వరకు వెనక్కి గాని ముందుకు గాని, లోపల బెల్టులున్న సీటు. నాలుగు నుంచి ఏడేళ్ల వరకు అలాంటి సీటు గాని బూస్టర్ గాని. వెర్రిబీ గారు పాత డబుల్ క్యాబ్ కొన్నారు కాబట్టి వెనక సీటు కొక్కేలు ఎక్కడున్నాయో, పట్టీ ఎలా పోవాలో పుస్తకంలో చూసుకోవాలి. కొన్ని యూట్‌లలో (వెనక సామాను తొట్టి ఉండే ఇలాంటి బండ్లలో) పట్టీని ఆ సీటు వెనక ఉన్న ఉంగరం గుండా తీసి మరో కొక్కేనికి తగిలించాలి, మామూలు కారులో లాగా ఉండదు.

వెర్రిబీ_వాసి

అడిలైడ్ అక్కా, నా చిన్న కొడుకుకు మూడేళ్లు. వెంటనే చూశాను, మీరు చెప్పినట్లే సీటు వెనక ఉంగరం ఉంది. ఇన్నాళ్లూ పట్టీని ఆ ఉంగరానికే తగిలించాను. ఇప్పుడు పుస్తకం చూసి సరిచేశాను.

గుంటూరు_గీలాంగ్

బండి పూజ చేయించినప్పుడు అద్దానికి కట్టిన దండా, గంటా ఉంచుకోవచ్చా? మా అత్తగారు తీయవద్దంటున్నారు.

కోటప్పకొండ_కాన్‌బెర్రా

డ్రైవరుకు రోడ్డు ముందూ పక్కలా స్పష్టంగా కనబడాలని రోడ్డు నియమాల్లో 297వ నియమం చెబుతుంది. అద్దానికి వేలాడుతూ చూపుకు అడ్డం వచ్చే దేనికైనా జరిమానా వేయవచ్చు. ఎయిర్‌బ్యాగ్ మూత మీద విగ్రహం అంటించడం ఇంకా ప్రమాదం, అది పేలినప్పుడు విగ్రహం ముఖం మీదికి వస్తుంది. చిన్న వినాయకుడిని డ్యాష్‌బోర్డ్ మధ్యలో, కిందుగా, గట్టిగా అంటించుకుంటే అత్తగారికీ తృప్తిగా ఉంటుంది, చూపుకూ అడ్డం ఉండదు.

నాలుగు_చక్రాలు

వెర్రిబీ గారూ, సిటీలో తక్కువ దూరాలు తిరిగితే డీజిల్ బండి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) మూసుకుపోతుందని, దానిని తీసేయమని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. వినకండి. పొగ శుద్ధి పరికరాలను తీసేయడం ఏ రాష్ట్రంలోనూ చట్టబద్ధం కాదు. వారానికి ఒకసారి అరగంట హైవే మీద నడిపితే అది మామూలుగా తనను తాను శుభ్రం చేసుకుంటుంది.

వెర్రిబీ_వాసి

మూడు వారాల తరువాత రాస్తున్నాను. 265/70ఆర్17 టైర్లు వేయించాను. ఎత్తు కొలిస్తే సస్పెన్షన్ వలన 46 మిల్లీమీటర్లే వచ్చింది, స్ప్రింగుల విషయంలో పారమట్టా గారి మాట కొంత నిజమే. లైట్‌బార్‌కు రిలే పెట్టించాను. ముందు అద్దాల పాత ఫిల్మ్ తీసేసి, మీటరుతో కొలిపించి కొత్తది వేయించాను. మొన్న శుక్రవారం రోడ్‌వర్తీ వచ్చింది, వాస్ అవసరం రాలేదు. బీమా సంస్థకు లిఫ్ట్, టైర్లు, బుల్‌బార్, లైట్‌బార్ నాలుగూ చెప్పి రాయించాను, ప్రీమియం కొద్దిగా పెరిగింది. కాటా మీద ఖాళీ బండి 2,310 కిలోలు తూగింది. వచ్చే నెల గ్రాంపియన్స్ వెళుతున్నాం.

తీసేసిన 285/70ఆర్17 టైర్లు నాలుగూ బాగానే ఉన్నాయి. ఎవరికైనా కావాలంటే చెప్పండి.

గుంటూరు_గీలాంగ్

నాకు కావాలి, నాది కూడా యూటే. ధర ఎంతకు ఇస్తారు?

వెర్రిబీ_వాసి

ముందు మీ డ్రైవరు తలుపు తెరిచి, స్టికర్ మీద ఏ కొలత ఉందో రాయండి. లెక్క కుదిరితే ధర మాట్లాడుకుందాం.